ఏ చిల్లుకు తగిలించాలి?

కోతలు అయిపోయాక నెల్లిమర్ల వైపు మళ్లలో గట్లు తప్ప అడ్డేమీ ఉండదు. రేడియో రిమోట్‌తో నడిపే మా థర్మాకోల్ బొమ్మ విమానం అక్కడే ఎగురుతుంది, అక్కడే కూలుతుంది. కిందటిసారి కూలినప్పుడు తప్పు గాలిది కాదు, రేడియోది కాదు. తోకకు వెళ్లే తీగను నేను తగిలించిన చిల్లుది.

సర్వో అంటే చెప్పిన కోణానికి తిరిగి అక్కడే నిలబడే చిన్న మోటారు. 1500 మైక్రోసెకన్ల పల్స్ (చిన్న విద్యుత్ సంకేతం) అందితే మధ్యలో ఉంటుంది. 1000కి ఒక వైపు, 2000కి మరో వైపు సుమారు 45 డిగ్రీలు తిరుగుతుంది. దాని ఇరుసుకు బిగించిన చేయి లాంటి ఆర్మ్ నుంచి వెళ్లే ఉక్కు తీగ, ఎలివేటర్ (తోక మీద పైకీ కిందికీ వంగే రెక్క) మీద నిలబెట్టిన కొమ్ము లాంటి హార్న్‌ను నెడుతుంది, లాగుతుంది. ఆర్మ్‌కూ హార్న్‌కూ వరసగా చిల్లులుంటాయి.

విజయనగరంలో సిరిమానోత్సవం చూసినవారికి ఈ లెక్క కొత్త కాదు. మాను మొదలు దగ్గర కాస్త కదిలితే చాలు, కొసన కూర్చున్న పూజారి బారెడు ఊగుతారు. పొడవైన ఆర్మ్‌ను పొట్టి హార్న్‌కు కలిపితే ఎలివేటర్‌దీ అదే పరిస్థితి. నేను చేసింది సరిగ్గా అదే. రెక్క మరీ ఎక్కువగా వంగుతోందని రేడియోలో కదలికను సగానికి కోసి, పని అయిందనుకున్నాను.

కాలేదు. ఆర్మ్ మీద ఇరుసు నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలోని చిల్లు, హార్న్ మీద రెక్క మడత నుంచి 16 మిల్లీమీటర్ల దూరంలోని చిల్లు తీసుకుంటే సర్వో 45 డిగ్రీలు తిరిగినా ఎలివేటర్ 21 డిగ్రీలే వంగుతుంది. సర్వో తన పూర్తి తిరుగుడును వాడుకుంటుంది, రెక్కను తిప్పే బలం దాదాపు రెట్టింపవుతుంది. రేడియోలో కోస్తే ఈ లాభాలేవీ రావు. సర్వో సగమే తిరుగుతుంది, బలం పెరగదు.

అసలు ప్రమాదం వదులులో ఉంది. తీగకూ చిల్లుకూ మధ్య అర మిల్లీమీటరు సందుంటే 16 మిల్లీమీటర్ల హార్న్ దగ్గర అది 1.8 డిగ్రీల ఆట. 8 దగ్గరైతే 3.6. వేగం పెరిగితే గాలి ఆ సందులో రెక్కను టపటపా కొట్టిస్తుంది. దీన్నే ఫ్లట్టర్ అంటారు. మా ఎలివేటర్ కిందికి దూకేటప్పుడు ఒక్కసారి బుర్రుమని, మడత దగ్గర ఊడిపోయింది.

హార్న్ చిల్లు రెక్క మడత గీతకు నేరుగా పైన ఉండాలి. వెనక్కి జరిగితే పైకి ఒకలా, కిందికి ఒకలా వంగుతుంది. పొడవైన తీగకు మధ్యలో ఒక ఆధారం ఇవ్వకపోతే నెట్టినప్పుడు విల్లులా వంగుతుంది.

ఇక మధ్యస్థానంలో ఆర్మ్ తీగకు లంబంగా ఉండాలన్నది అందరికీ తెలుసు, కుదరదన్నదీ అందరికీ తెలుసు. 25 పళ్లున్న సర్వో ఇరుసు మీద ఆర్మ్‌ను ఒక పన్ను జరిపితే 14.4 డిగ్రీలు మారిపోతుంది. నాలుగు చేతుల ఆర్మ్ ఉంటే మాత్రం నాకు సరదా. 25ను నాలుగుతో భాగిస్తే శేషం ఒకటి మిగులుతుంది కాబట్టి ఒక్కో చేయి పావు పన్ను తేడాతో, అంటే 3.6 డిగ్రీల తేడాతో కూర్చుంటుంది. నాలుగూ మార్చి చూసి, లంబానికి దగ్గరగా వచ్చినదాన్ని ఉంచి మిగతా మూడూ కత్తిరించేస్తాను.