విడాకుల డిక్రీ ఏ కౌంటర్లో దొరుకుతుంది? టెక్సస్ కోర్టు రికార్డులపై అపోహలు - వాస్తవాలు

డాలస్ పరిసరాల్లోని తెలుగువారికి కోర్టు రికార్డులు తీసి ఇచ్చే పనిలో నాకు పన్నెండేళ్లు గడిచాయి. నేను లాయరును కాను, లాయర్ల దగ్గర కాగితాల పని చూసే పారాలీగల్‌ని. జనన ధ్రువపత్రం కోసం ఫోను చేసేవారు మామూలుగానే మాట్లాడతారు. విడాకుల డిక్రీ, అంటే కోర్టు ఇచ్చిన తుది ఉత్తర్వు, కావలసినవారు మాత్రం గొంతు తగ్గిస్తారు. "అండీ, మీ పక్కన ఎవరూ లేరు కదా?" అని అడిగి గాని అసలు విషయానికి రారు. ఆ బిడియం వల్లే చాలామంది అడగవలసిన చోట అడగరు. ఎవరో చెప్పిన మాట నమ్మి ఊరుకుంటారు. తీరా గ్రీన్ కార్డు ఇంటర్వ్యూ వారం రోజుల్లో ఉందనగా పరుగులు పెడతారు. నేను తరచూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. నాకు బాగా తెలిసింది టెక్సస్ కాబట్టి ముఖ్యంగా అక్కడి పద్ధతే చెబుతాను.

అపోహ: పెళ్లి లైసెన్సు ఇచ్చిన ఆఫీసులోనే విడాకుల కాగితమూ ఉంటుంది

వాస్తవం: పెళ్లి లైసెన్సు ఇచ్చేది కౌంటీ క్లర్క్ (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). విడాకుల కేసు ఫైలు ఉండేది డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర. కొన్ని చిన్న కౌంటీల్లో రెండు పనులూ ఒకే అధికారి చూస్తారు గాని, మనవాళ్లు ఎక్కువగా ఉండే డాలస్, కాలిన్, డెంటన్, టారెంట్ కౌంటీల్లో ఇవి వేర్వేరు ఆఫీసులు. ఒక ఆఫీసుకు వెళ్లి "లేదు" అనిపించుకుని, ఫైలే పోయిందని కంగారుపడినవారిని నేను ఎందరినో చూశాను.

ఇంతకన్నా చిక్కు, అసలు ఏ కౌంటీ అన్నది. "మేం ఫ్రిస్కోలో ఉండేవాళ్లమండీ" అని చెబితే నాకు కౌంటీ తెలియదు, ఎందుకంటే ఆ ఊరు కాలిన్, డెంటన్ కౌంటీల్లోకి విస్తరించి ఉంది. పైగా కేసు కాపురం ఉన్న ఊళ్లోనే వేయాలన్న నియమం లేదు. భార్యాభర్తల్లో ఒకరు టెక్సస్‌లో ఆరు నెలలు, కేసు వేసే కౌంటీలో 90 రోజులు నివసించి ఉంటే చాలు. విడిపోయాక భర్త అర్వింగ్‌కు మారి అక్కడి నుంచి కేసు వేస్తే ఫైలు డాలస్ కౌంటీలో ఉంటుంది. భార్య మాత్రం కాలిన్ కౌంటీ కోర్టు ఉన్న మెకిన్నీకి వెళ్లి వెతుకుతూ ఉంటుంది. ఆ కౌంటీలో రికార్డు లేదంటే విడాకులు కాలేదని అర్థం కాదు. వేరే కౌంటీలో వెతకాలని అర్థం.

అపోహ: రాష్ట్ర ప్రభుత్వం పంపే ఉత్తరమే విడాకుల సర్టిఫికెట్

వాస్తవం: టెక్సస్ ఆరోగ్య శాఖలోని వైటల్ స్టాటిస్టిక్స్ విభాగం 1968 నుంచి జరిగిన విడాకులకు ధ్రువీకరణ లేఖ ఇస్తుంది. రుసుము 20 డాలర్లు. అందులో ఇద్దరి పేర్లు, తేదీ, ఏ కౌంటీలో జరిగిందీ లాంటి వివరాలే ఉంటాయి. అది డిక్రీ కాదు, డిక్రీ నకలూ కాదు. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలి, ఇల్లు ఎవరికి, భార్య పాత పేరు తిరిగి పెట్టుకోవడానికి కోర్టు ఒప్పుకుందా లేదా, ఇవేవీ ఆ లేఖలో కనిపించవు. అయినా దాన్ని తీసిపారేయకండి. ఏ కౌంటీయో ఎంతకీ తేలనప్పుడు నేను మొదట తెప్పించేది ఆ లేఖనే. అది కౌంటీ పేరు చెబుతుంది, అక్కడి నుంచి డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గరకు దారి దొరుకుతుంది.

అపోహ: కంప్యూటర్లో పేరు కొడితే ఫైలు వచ్చేస్తుంది

వాస్తవం: మన పేర్ల విషయంలో ఇది చాలాసార్లు నిజం కాదు. ఇక్కడ కాస్త ఓపిక పట్టి చదవండి, నా పనిలో సగం సమయం దీనికే పోతుంది.

మనకు ఇంటిపేరు ముందు, పెట్టిన పేరు వెనక. అమెరికా ఫారంలోకి వచ్చేసరికి కొందరికి అది తిరగబడుతుంది, కొందరికి అలాగే ఉండిపోతుంది. లక్ష్మి అన్న పేరును ఒకరు కె, ఎస్, హెచ్ అక్షరాలతో రాస్తే ఇంకొకరు ఎక్స్‌తో రాస్తారు. వెంకట సత్యనారాయణ అనే పేరు ఒక చోట రెండు మాటలు, ఇంకో చోట ఒకే మాట. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉన్నవారికి వీసా మీద మొదటి పేరు తెలియదన్న అర్థంలో ఎఫ్‌ఎన్‌యూ అనే మూడక్షరాలు పడతాయి. పిటిషన్ టైపు చేసినవారు ఏది చూసి కొట్టారో కోర్టు సూచికలో అదే ఉంటుంది.

ఒక అమ్మాయి ఫైలు కోసం రెండు రోజులు వెతికాను. ఇంటిపేరుతో లేదు, పెట్టిన పేరుతో లేదు, భర్త ఇంటిపేరుతోనూ లేదు. చివరికి ఆ మూడక్షరాలు కొడితే దొరికింది. కోర్టు రికార్డులో ఆమె మొదటి పేరు అదే! ఆ సంగతి చెప్పినప్పుడు ఆమె చాలాసేపు మాట్లాడలేదు. "నా పెళ్లి ముగిసిన కాగితం మీద నా పేరు కూడా సరిగా లేదా?" అని మాత్రం అడిగింది. ఆ మాట నేను మరచిపోలేదు. అప్పటి నుంచి కేసు ఇంకా నడుస్తున్నవారు ఎవరు నా దగ్గరకు వచ్చినా, జడ్జి సంతకం పడకముందే డిక్రీ ముసాయిదాలో పేరు పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిచూసుకోమని, తప్పుంటే లాయరుకు వెంటనే చెప్పమని ప్రాధేయపడుతున్నాను.

మీ పేరుతో దొరక్కపోతే అవతలివారి పేరుతో వెతకండి. కేసు నంబరు తెలిస్తే ఈ తిప్పలేవీ ఉండవు. పాత లాయరు పంపిన ఏ ఉత్తరం మీదనైనా, ఏ ఈమెయిల్‌లోనైనా అది ఉంటుంది. డాలస్ కౌంటీ కుటుంబ కేసుల నంబర్లు డి, ఎఫ్ అక్షరాలతో మొదలవుతాయి, ఆ వెంటనే కేసు వేసిన సంవత్సరం చివరి రెండంకెలు వస్తాయి. అలాంటి నంబరు కనిపిస్తే ఒక చోట రాసి పెట్టుకోండి.

అపోహ: లాయరు లేనిదే నకలు ఇవ్వరు

వాస్తవం: ఇస్తారు. టెక్సస్‌లో జడ్జి ప్రత్యేకంగా మూసివేయమని ఆదేశిస్తే తప్ప విడాకుల డిక్రీ బహిరంగ రికార్డే. కౌంటరు దగ్గరకు మీరే వెళ్లవచ్చు. న్యూయార్క్‌లో పద్ధతి వేరు. అక్కడ ఫైలు కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటుంది, కేసులోని భార్యాభర్తలకు, వారి లాయర్లకు తప్ప ఇతరులకు చూపించరు. కాబట్టి ఒక రాష్ట్రంలో స్నేహితుడికి జరిగినట్టే మరో రాష్ట్రంలో మీకూ జరుగుతుందని అనుకోవద్దు.

అపోహ: జిరాక్స్ తీసి నోటరీ చేయిస్తే సర్టిఫైడ్ కాపీ అవుతుంది

వాస్తవం: కాదు. బహిరంగ రికార్డులో ఉండే పత్రానికి నకలు ధ్రువీకరించే అధికారం టెక్సస్ నోటరీకి లేదు. ఆ అధికారం రికార్డును కాపాడే క్లర్క్‌దే. సర్టిఫైడ్ కాపీలో చివర క్లర్క్ ధ్రువీకరణ, సంతకం, తేదీ, ఆఫీసు ముద్ర ఉంటాయి. ఉబ్బెత్తు ముద్ర అయితే వేలు పెట్టి తడిమినా తెలుస్తుంది. పేజీలన్నీ కలిపి పిన్ను కొట్టి ఇస్తారు. దయచేసి ఆ పిన్ను తీయకండి. ఒకాయన స్కానింగ్ కోసమని తీసి, మళ్లీ జాగ్రత్తగా అదే రంధ్రాల్లో కొట్టాడు. అపోస్టిల్ కోసం, అంటే విదేశాల్లో చెల్లడానికి ప్రభుత్వం జతచేసే ధ్రువీకరణ కోసం, పంపితే తిరిగి వచ్చింది. పేజీ మారలేదని ఎవరు చెప్పగలరు? మళ్లీ డబ్బు కట్టి కొత్తది తీసుకోవలసి వచ్చింది.

అలాగని ప్రతిచోటా సర్టిఫైడ్ కాపీయే కావాలనీ లేదు. అమెరికా ఇమిగ్రేషన్ విభాగానికి పంపే చాలా దరఖాస్తులకు చదవడానికి వీలైన మామూలు నకలు సరిపోతుంది. అసలుది అడిగినప్పుడు మాత్రం చూపించాలి.

అపోహ: అమెరికా కోర్టు డిక్రీ ఇచ్చింది కాబట్టి ఇండియాలోనూ విడాకులు అయినట్టే

వాస్తవం: ఇది అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం. దీని మీద భారత సుప్రీంకోర్టు 1991లో ఇచ్చిన తీర్పు మన తెలుగు కుటుంబం కేసులోనే వచ్చింది. 1975లో తిరుపతిలో పెళ్లి. భర్త అమెరికా వెళ్లి మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో విడాకులు తీసుకుని, తర్వాత మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య ఇండియాలో కేసు పెట్టింది. విడాకులయ్యాయని చూపడానికి అతను తెచ్చింది ఆ కౌంటీ కోర్టు తీర్పు ఫోటోస్టాట్ నకలు.

ఫోటోస్టాట్ అయినంత మాత్రాన పనికిరాదని సుప్రీంకోర్టు అనలేదు. ఆ నకలును అక్కడి క్లర్క్ కార్యాలయం ధ్రువీకరించింది కూడా. అయితే అమెరికాలోని భారత ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేనందున దాన్ని సాక్ష్యంగా తీసుకోలేమంది. కాగితం సంగతి అలా ఉంచితే అసలు తీర్పు ఇంకా లోతైనది. ఏ చట్టం కింద పెళ్లి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద ఇచ్చిన విడాకులే ఇండియాలో చెల్లుతాయని కోర్టు చెప్పింది. మినహాయింపులూ ఇచ్చింది. భార్య అక్కడే స్థిరంగా నివసిస్తూ, మన చట్టంలో ఉన్న కారణం మీదే విడాకులు ఇచ్చినప్పుడు, లేదా ఆమె స్వచ్ఛందంగా ఆ కోర్టుకు హాజరై, మన చట్టంలో ఉన్న కారణం మీదే వాదించినప్పుడు, లేదా విడాకులకు ఒప్పుకున్నప్పుడు ఆ డిక్రీని గుర్తించవచ్చు. మీ డిక్రీ ఇందులో ఎక్కడికి వస్తుందో హైదరాబాదులోనో విజయవాడలోనో కుటుంబ కేసులు చూసే లాయరును అడగండి. అది నేను చెప్పగలిగేది కాదు, కౌంటీ క్లర్క్ చెప్పేదీ కాదు.

కాగితం వరకు చెబుతాను. భారత్ 2005 నుంచి అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. టెక్సస్ డిక్రీకి ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు అపోస్టిల్ ఇస్తుంది, పత్రానికి 15 డాలర్లు. కాగితం చేరే చోట అపోస్టిల్ ఒక్కటే చాలా, హ్యూస్టన్‌లోని భారత కాన్సులేట్ ధ్రువీకరణ కూడా కావాలా అన్నది ముందే కనుక్కుని పంపండి.

పోస్టులో తెప్పించుకునేవారు ముందుగా డిస్ట్రిక్ట్ క్లర్క్ ఆఫీసుకు ఫోను చేసి డిక్రీ ఎన్ని పేజీలో అడగాలి, ఎందుకంటే రుసుము పేజీల లెక్కన ఉంటుంది. పిల్లలు, ఆస్తులు ఉన్న డిక్రీ యాభై పేజీలు దాటడం మామూలే. ఉత్తరంలో ఇద్దరి పేర్లూ అన్ని స్పెల్లింగులతో, కేసు నంబరు, అది లేకపోతే సుమారు సంవత్సరం రాయండి. కావలసింది ఫైనల్ డిక్రీ అనీ, సర్టిఫైడ్ కాపీలు రెండనీ స్పష్టంగా చెప్పండి. మీ చిరునామా రాసి స్టాంపు అంటించిన కవరు జత చేయండి. రెండు కాపీల్లో ఒకటి అపోస్టిల్‌కు వెళ్తుంది, రెండోది పిన్ను తీయకుండా ఇంట్లో ఉంటుంది.