ముల్లు, సిలికాన్, లూపస్

కర్నూలు నుంచి ఒక పాఠకురాలు అడిగారు: ‘‘నాకు తొమ్మిదేళ్లుగా లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) ఉంది. కేన్సర్ వచ్చి ఎడమ రొమ్ము తీసేశారు. ఆ చోట సిలికాన్ ఇంప్లాంట్ పెట్టించుకోవచ్చని సర్జన్ అంటున్నారు. నా ఒళ్లు దాన్ని ఒప్పుకుంటుందా?’’

అమ్మా, ఏ ఒళ్లూ ఒప్పుకోదు. ఏ జబ్బూ లేనివారి ఒళ్లు కూడా అంతే. అసలు సంగతి అక్కడే మొదలవుతుంది.

వేరుశనగ చేలో నడిచేటప్పుడు తుమ్మ ముల్లు గుచ్చుకుని, కొన విరిగి లోపలే ఉండిపోవడం మన సీమలో మామూలే. పిన్నీసుతో ఎంత కెలికినా అందదు. కొన్నాళ్లకు నొప్పి తగ్గుతుంది, అరికాల్లో గట్టి కాయ మిగులుతుంది. కోసి చూస్తే ముల్లు చుట్టూ తెల్లటి మందపాటి పొర ఉంటుంది. 1882లో ఇటలీలోని మెస్సీనాలో జీవశాస్త్రవేత్త ఇల్యా మెచ్నికోవ్ ఇదే సంగతిని కళ్లారా చూశాడు. గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్రచేప లార్వాలో గులాబీ ముల్లు గుచ్చాడు. మర్నాడు చూస్తే, ఎక్కడెక్కడి కణాలో వచ్చి ముల్లును చుట్టుముట్టి ఉన్నాయి. ఆ దారిలో సాగిన పరిశోధనకే 1908లో నోబెల్ బహుమతి వచ్చింది.

జెల్ నింపిన సంచిలా ఉండే సిలికాన్ ఇంప్లాంట్ కూడా శరీరానికి ముల్లే. లోపల పెట్టిన క్షణాల్లోనే రక్తంలోని ప్రోటీన్లు దాని మీద అతుక్కుంటాయి. వాటిలో ఫైబ్రినోజెన్ ముఖ్యం. సిలికాన్‌కు అంటుకోగానే దాని ఆకారం మారిపోతుంది. ఒంట్లోకి వచ్చిన పరాయి వస్తువుల్ని మింగే మాక్రోఫేజ్ కణాలు గుర్తుపట్టేది సిలికాన్‌ను కాదు, ఆకారం చెడిన ఈ ప్రోటీన్‌ను. వచ్చి మింగబోతాయి. మాక్రోఫేజ్ వెడల్పు మిల్లీమీటరులో సుమారు 50వ వంతు. ఇంప్లాంట్ 10 సెంటీమీటర్లకు పైనే, అంటే 5,000 రెట్లు. మింగుడుపడక అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి, పదుల కేంద్రకాలున్న మహాకణాలు అవుతాయి. అయినా సాధ్యం కాదు. అప్పుడు టీజీఎఫ్-బీటా వంటి సంకేతాలు వెలువడతాయి. ఫైబ్రోబ్లాస్ట్ కణాలు చేరి కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ పోగులు పేర్చుతాయి. కొన్ని వారాల్లో పొర సిద్ధం. చాలామందిలో అది పలచగా, మెత్తగా ఉండిపోతుంది. కొందరిలో మాత్రం ఆ ఫైబ్రోబ్లాస్ట్‌లు కండర కణాల్లా ముడుచుకునే శక్తి తెచ్చుకుంటాయి. పొర బిగుసుకుని రొమ్ము గట్టిపడుతుంది, నొప్పి పుడుతుంది. ఈ బిగువును డాక్టర్లు బేకర్ స్కేలుపై 4 మెట్లుగా కొలుస్తారు. రేడియేషన్ తీసుకున్నవారిలో ఇది ఎక్కువ, కాబట్టి మీరు తీసుకున్నారా లేదా అన్నది పెద్ద విషయం.

బడిలో వ్యాధినిరోధక శక్తిని సైన్యమని చెప్పి వదిలేస్తారు. దాంతో పిల్లలకు గెలుపోటములే తెలుస్తాయి. మింగనూ లేక, వదలనూ లేక ఏళ్ల తరబడి సాగే ఈ చుట్టివేత తెలియదు. తొమ్మిదో తరగతిలోనే మెచ్నికోవ్ ముల్లు పాఠం చెప్పాలని నా గట్టి కోరిక.

ఇక లూపస్. ఇందులో రోగనిరోధక వ్యవస్థ సొంత కణాల కేంద్రకాల మీదే యాంటీబాడీలు తయారుచేస్తుంది. సిలికాన్ వల్లే ఇలాంటి జబ్బులు పుడతాయా అన్న వివాదం పాతది. 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మొదటి సిలికాన్ ఇంప్లాంట్ పెట్టారు. ఫిర్యాదులు పెరిగి 1992లో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే అక్కడి ఎఫ్‌డీఏ వాడకాన్ని బాగా కట్టడి చేసింది. 1999లో అక్కడి ఇన్స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ సాక్ష్యాలన్నీ తిరగేసి, నమ్మదగిన సంబంధం కనిపించలేదని చెప్పింది. 2006లో మళ్లీ అనుమతి వచ్చింది. ఆ తర్వాతి కొన్ని పెద్ద అధ్యయనాలు స్వల్ప సంబంధం ఉందన్నాయి, కాబట్టి వాదన ఇంకా ముగియలేదు.

కానీ మీ ప్రశ్న అది కాదు. జబ్బు ముందే ఉన్నవారి సంగతి మీరు అడుగుతున్నారు. లూపస్, స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడే జబ్బు) వంటివి ఉన్నవారిలో భద్రత రుజువు కాలేదని కంపెనీల సమాచార పత్రాల్లోనే ఉంటుంది. రుజువు కాలేదంటే ప్రమాదమని తేలినట్టు కాదు. క్షేమమని మీకు హామీ ఇచ్చే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇంకొకటి. ఇంప్లాంట్ పెట్టించుకున్న కొందరు విపరీతమైన నీరసం, కీళ్లనొప్పులు, మతిమరుపు వచ్చాయంటారు. తీయించుకున్నాక తగ్గిందనేవారూ ఉన్నారు. దీన్ని తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు. లూపస్ తిరగబెట్టినా లక్షణాలు ఇవే! ఏది దేనివల్లో ఎలా తెలుస్తుంది? మన దగ్గర లూపస్ వల్ల నోట్లో పుండ్లు వస్తే ‘వేడి చేసింది’ అని సబ్జా నీళ్లు తాగిస్తారు, నీరసానికి దిష్టి తీస్తారు, మోకాళ్లకు తాయెత్తు కడతారు. నెలలు గడిచాక డాక్టరు దగ్గరికి వస్తారు. అప్పటికి మూత్రపిండాలు దెబ్బతిన్నవారు ఎందరో. ఆపరేషన్ తర్వాత వచ్చే కొత్త నీరసాన్ని దయచేసి దిష్టి ఖాతాలో వేయకండి.

మందుల మాట. ప్రెడ్నిసోలోన్ లాంటి స్టెరాయిడ్లు కొల్లాజెన్ తయారీని తగ్గిస్తాయి, అందుకే గాయం మానడం ఆలస్యమై ఇన్‌ఫెక్షన్ భయం పెరుగుతుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను సాధారణంగా ఆపరు. రోగనిరోధక వ్యవస్థలోని ఒక్కో భాగాన్ని గురిపెట్టే బయోలాజిక్ ఇంజెక్షన్లకైతే ఆపరేషన్ తేదీని బట్టి విరామం ఇస్తారు. ఏదీ మీ అంతట మీరు ఆపవద్దు. లూపస్ ఉన్న కొందరిలో రక్తం గడ్డకట్టించే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉంటాయి, ఆ పరీక్ష ముందే చేయించుకోవాలి. జబ్బు కొన్ని నెలలుగా అదుపులో ఉందని రుమటాలజిస్ట్ (కీళ్ల జబ్బులు, లూపస్ వంటివి చూసే డాక్టరు) అన్నాకే తేదీ పెట్టించుకోండి.

ఇంప్లాంట్ పైతలం నునుపుదా, గరుకుదా అని కూడా అడగండి. ఇంప్లాంట్ చుట్టూ ఏర్పడే ఆ పొరలోనే అరుదుగా పుట్టే ఒక రకం లింఫోమాకు (తెల్ల రక్తకణాల కేన్సర్) గరుకువాటితో సంబంధం తేలింది. అందుకే 2019లో ఒక రకం గరుకు ఇంప్లాంట్లను ప్రపంచవ్యాప్తంగా వెనక్కి రప్పించారు.

సొంత పొట్ట కొవ్వు, చర్మంతో రొమ్మును పునర్నిర్మించే పద్ధతి ఉంది. అది సొంత కణజాలమే కనుక చుట్టాల్సిన ముల్లు ఉండదు. అయితే ఆపరేషన్ పెద్దది, గాయాలు రెండు చోట్ల. బ్రాలో పెట్టుకునే కృత్రిమ రొమ్ము ఉంది. ఏమీ పెట్టించుకోకపోవడమూ నిండైన నిర్ణయమే, ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు.

పెట్టించుకుంటే మాత్రం అది జీవితాంతం ఉండే వస్తువు కాదని తెలిసే పెట్టించుకోండి. లోపల చిరిగినా జెల్‌ను ఆ కొల్లాజెన్ పొరే పట్టి ఉంచుతుంది, పైకి ఏమీ తెలియదు. అందుకే పెట్టించుకున్న 5–6 ఏళ్లకు మొదటిసారి, ఆపైన 2–3 ఏళ్లకోసారి అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ చేయించుకోమంటారు. మన జిల్లాల నుంచి చాలామంది రుమటాలజిస్ట్ కోసం బెంగళూరుకో వేలూరుకో వెళ్తారు, ఆపరేషన్ ఇంకెక్కడో జరుగుతుంది. కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు ఉండే ఇంప్లాంట్ కార్డును అడిగి తీసుకుని, దాని జిరాక్సును లూపస్ ఫైల్లోనే పెట్టండి. రేపు మీ కీళ్లనొప్పి చూసే డాక్టరుకు లోపల ఏముందో తెలియాలి.