ఎలుకల కుస్తీ, ఆటల పీరియడ్

"తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయికి ఆటల పీరియడ్‌లోనూ లెక్కలే చెబుతున్నారు. మంచిదే కదా?" అని ఒక తల్లి అడిగారు. ఎముకలు, బరువు, గుండె సంగతులు అందరికీ తెలిసినవే, వదిలేస్తాను. నా మనసంతా ఎలుకల మీద ఉంది.

ఎలుక పిల్లలు ఆటగా కుస్తీ పడితే గురి మెడ వెనుక భాగం. అక్కడ మూతితో రుద్దగలిగితే చాలు. నిజమైన కొట్లాటలో కాటు పడేది నడుము దగ్గర, పిరుదుల మీద. అంటే ఆట అన్నది కొట్లాటకు రిహార్సల్ కాదు, దాని గురే వేరు. 1990ల చివర్లో నాడీశాస్త్రవేత్త జాక్ పాంక్‌సెప్ బృందం గబ్బిలాల కూతలు పట్టే పరికరంతో వింటే, చక్కిలిగింతలు పెట్టిన ఎలుకలు 50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచలాడాయి. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినిపించదు. అది నవ్వు లాంటిదే అని ఆ బృందం అనుకుంది.

అసలు తమాషా ఇప్పుడు. పైచేయి సాధించిన పిల్ల ఎలుక చాలాసార్లు వెనుక కాళ్లు నేలకు ఆనించదు, కింద పడినదాని మీదికి నాలుగు కాళ్లతోనూ ఎక్కేస్తుంది. ఇక నిలకడ ఎక్కడిది? కిందిది ఇట్టే తిరగబడుతుంది. గెలుపును చేజేతులా జారవిడవడం! కెనడాలోని లెత్‌బ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో సెర్జియో పెల్లిస్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి పరిశీలించింది ఇలాంటివే. ఇలాంటి ఆటలో క్షణక్షణం ఎదుటివాడి కదలిక చూసుకోవాలి, తన దూకుడు తగ్గించుకోవాలి, అనుకోని దెబ్బకు సర్దుకోవాలి. ఈ పనులు చూసేది మెదడు ముందు భాగం, ప్రీఫ్రంటల్ కార్టెక్స్. ఈడు ఎలుకలతో ఆడి పెరిగినవాటిలో దాని మధ్య భాగంలోని నాడీకణాల కొమ్మలు పొదుపుగా కత్తిరించినట్టు ఉన్నాయి. ఆటకు రాని పెద్ద ఎలుకల మధ్యే పెరిగినవాటిలో అడవిలా మిగిలాయి. కళ్ల వెనుకనుండే ఆర్బిటల్ భాగంలో లెక్క వేరు: తోడున్న ఎలుకల సంఖ్య పెరిగితే కొమ్మలూ పెరిగాయి.

మనిషి ఎలుక కాడు, ఒప్పుకుంటాను. కానీ మనిషిలో ఆ ముందు భాగం ఇరవైల మధ్య దాకా ముదురుతూనే ఉంటుంది. స్కూల్లో మాస్టారు, సాయంత్రం ట్యూషన్, ఇంట్లో అమ్మానాన్న: మీ వాడి చుట్టూ ఉన్నవన్నీ పెద్ద ఎలుకలే! ఆడపిల్లల సంగతి మరీ అన్యాయం. పెద్దమనిషి కాగానే "ఇంకా ఆటలేమిటి" అంటాం, సరిగ్గా ఆట అవసరమైన వయసులో.

కాబట్టి అమ్మా, ఈల వేసి చేయించే డ్రిల్లును నేను ఆట అనడం లేదు. కబడ్డీలో కూతకు వెళ్లినవాడు గీత తాకాడా లేదా అని పిల్లలు తమలో తాము అరుచుకుని, ఎవరో ఒకరు తగ్గి, మళ్లీ ఆట మొదలుపెట్టే ఆ రెండు నిమిషాలు ఉన్నాయే, లెక్కల కోసం లాగేసుకున్న పీరియడ్‌లో పోయింది అదే.