హోరు ఎక్కువ, గాలి తక్కువ

"అన్నయ్యా, పావుగంటకే వేడెక్కి ఆగిపోతోంది. కొత్తది కొనాలేమో" అంటూ మే నెలలో మా చెల్లి తన లాప్‌టాప్ తెచ్చింది. పాపం, బాగా టెన్షన్ పడుతోంది. ఫ్యాన్ హోరు పక్క గదిలోకి వినిపిస్తోంది. గాలి బయటికొచ్చే చోట చెయ్యి పెట్టాను. ఆ హోరుకి తగ్గ గాలి రావట్లేదు.

సగం రోగం అక్కడే తెలుస్తుంది. ఫ్యాన్ జోరుగా తిరుగుతున్నా గాలి పలచగా వస్తుంటే దారిలో దుమ్ము పేరుకుంది. గాలి బాగా వస్తూ, అది చల్లగానే ఉండి, ప్రాసెసర్ (లాప్‌టాప్‌లోని ముఖ్యమైన చిప్పు) మాత్రం 95 డిగ్రీలు చూపిస్తుంటే వేడి ఫ్యాన్ దాకా చేరట్లేదన్నమాట. అసలు చప్పుడే లేకపోతే ఫ్యాన్ పోయింది.

వేడిని ఫ్యాన్ దగ్గరికి చేర్చేది ఒక బోలు రాగి గొట్టం. నాకెప్పుడూ ముచ్చటేసేది ఇదే. లోపలి గాలి తీసేసి, కాసిన్ని నీళ్ళు ఉంచి మూసేస్తారు. గాలి ఒత్తిడి లేదు కాబట్టి ఆ నీళ్ళు 100 డిగ్రీలకు చాలా ముందే మరుగుతాయి. ఆవిరి చల్లటి కొసకు వెళ్ళి, వేడిని అక్కడి పలచని రేకులకిచ్చి, మళ్ళీ నీళ్ళవుతుంది. దీపం వత్తిలో నూనె పాకినట్టు గొట్టం లోపలి పొరలోంచి వెనక్కి పాకుతుంది. లాప్‌టాప్ నడిచినంతసేపూ ఇదే పని.

చిప్పుకీ రాగికీ మధ్య థర్మల్ పేస్ట్ అనే వేడి మోసే లేపనం ఉంటుంది. రెండూ నున్నగా కనిపించినా కంటికి ఆనని గుంటలుంటాయి, వాటిలో గాలి చేరుతుంది. రాగి మోసే వేడిలో గాలి పదివేలో వంతు కూడా మోయలేదు. పేస్ట్ ఆ గుంటల్ని నింపుతుంది, ఏళ్ళు గడిస్తే ఎండిపోతుంది.

ఆఫ్ చేసి, అడుగు మూత విప్పి, ముందు బ్యాటరీ కనెక్టర్ తీశాను. (బ్యాటరీ ఉబ్బి ఉంటే మాత్రం వెంటనే వాడటం ఆపేసి సర్వీసు వాళ్ళకివ్వండి. దాన్ని గుచ్చినా నొక్కినా అంటుకోవచ్చు.) ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య బూడిద రంగు దుమ్ము దూదిపట్టీలా పరుచుకుని ఉంది. పట్టకారుతో లాగితే ఒకే ముక్కగా వచ్చింది. నిండా దుప్పటి నూగే. బయటి నుంచి ఎంత ఊదినా ఇది కదలదు. పాత పేస్ట్ తుడిచి, బియ్యపు గింజంత కొత్తది పెట్టాను.

ఇప్పుడు మంచం మీద పని చేసినా, లాప్‌టాప్ కింద తన పాత పరీక్ష అట్ట పెట్టుకుంటోంది.