ఫిట్టర్ షాపులో అమ్మాయిలు: అపోహలు - వాస్తవాలు

ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు, అంటే లోహపు ముక్కలను కొలతకు అరగదీసి అమర్చే పని, నేర్పుతాను. అడ్మిషన్ల రోజుల్లో తల్లిదండ్రుల నుంచి, అప్రెంటిస్‌షిప్ వేళ కంపెనీల నుంచి ఏటా వినే మాటలివి.

అపోహ: ఫిట్టర్ పనికి మగవాడి బలం కావాలి.
వాస్తవం: మొదట్లో ఎక్కువ పని ఆకురాయితోనే. ముక్కను వైస్‌లో, అంటే బెంచికి అమర్చిన పట్టుడు దవడల్లో బిగించి, ఎడమ కాలు ముందుకు వేసి, ఒంటి బరువుతో ఆకురాయిని తోయాలి. వెనక్కి తెచ్చేటప్పుడు ఒత్తిడి వదిలేయాలి. కండబలం చూపించబోతే ఆకురాయి ఊగి, ముక్క మధ్యలో ఉబ్బుతుంది. ట్రై స్క్వేర్ (లంబకోణం చూసే మూలమట్టం) ఆనించి వెలుతురుకు పట్టి చూస్తే అంచుల దగ్గర సందు బయటపడుతుంది.

అసలు చిక్కు వైస్ ఎత్తు. దాని దవడలు మోచేతి ఎత్తులో ఉండాలని మొదటి పాఠాల్లోనే చెబుతాం. ఆ తర్వాత పొడుగువాళ్లకు సరిపోయే బెంచి ముందు పొట్టి అమ్మాయిని నిలబెట్టి, భుజం నొప్పి అనగానే 'ముందే చెప్పాం కదా' అంటాం! కాళ్ల కింద చెక్కపీట వేస్తే చాలు. పొట్టి అబ్బాయిలకూ అదే కావాలి.

అపోహ: యంత్రాల దగ్గర ఆడపిల్లలకు ప్రమాదం.
వాస్తవం: ముక్కను తిప్పుతూ కోసే లేత్ యంత్రం దగ్గర చున్నీ, విడిచిన జడ ప్రమాదమే. వదులు చొక్కా చేతులు, ఉంగరం, ముంజేతికి కట్టిన తాడు కూడా అంతే. ఓవరాల్, టోపీ, సరిపడే బూట్లు ఇవ్వండి. బూట్లకు ఆర్డరు పెట్టేటప్పుడు చిన్న సైజులు మరిచిపోకండి.

అపోహ: కుట్టుపని ఆడవాళ్లది.
వాస్తవం: బజారులో టైలర్ కొట్లు ఒకసారి చూసి రండి.

అపోహ: అమ్మాయిలకు అప్రెంటిస్‌షిప్‌లో ఇచ్చే స్టైపెండ్ (నెల భృతి) తక్కువ.
వాస్తవం: నిబంధనల్లో ఆడ, మగ తేడా లేదు.

అపోహ: మరుగుదొడ్డి లేదు కాబట్టి తీసుకోలేం.
వాస్తవం: స్త్రీలకు విడిగా మరుగుదొడ్డి ఉండాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచే ఉంది. ఫ్యాక్టరీలో శిక్షణ పొందే అప్రెంటిస్‌కూ ఆరోగ్య, భద్రతా నియమాలు వర్తిస్తాయని 1961 అప్రెంటిస్ చట్టం చెప్పింది. లేదని చెప్పడం సాకు కాదు, తప్పు ఒప్పుకోవడం.

అపోహ: చేర్చుకున్నాం, ఇక సమానమే.
వాస్తవం: నాకు ఎక్కువ చిరాకు ఇక్కడే. 'నీకెందుకమ్మా ఆ మసి, ఇక్కడ కూర్చో' అని స్టోర్స్ రిజిస్టరు చేతికిస్తారు. ఆ సూపర్‌వైజరు దయగల మనిషే. కానీ చివర్లో ట్రేడు పరీక్షలో ఆమె ముందు పెట్టేది ఇనుప ముక్క. అమ్మాయిలూ, ఎవరు ఏ నెల ఏ యంత్రం మీద ఉంటారో చేరిన వారంలోనే రాయించుకోండి. వరుసగా రెండు నెలలు రిజిస్టరు దగ్గరే ఉంచితే మీ ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్‌కు ఫోను చేయండి.