కార్తీక్‌కీ బన్నీకీ, సాకర్ ట్రయౌట్లకు (సెలెక్షన్లకు) ముందు

ఒరేయ్ కార్తీక్, బన్నీ,

మొన్న ఆదివారం మీ ఇంటికి వస్తే ఇద్దరూ చెరో మూల కూర్చుని ఉన్నారు. అన్నం కూడా సరిగ్గా తినలేదు. మీ అమ్మ వంటింట్లో చెప్తే విషయం తెలిసింది. సాకర్‌లో, అదే మన ఫుట్‌బాల్‌లో, కార్తీక్ ఫ్రెండ్‌ని పెద్ద లీగ్ అనుకునే ఎంఎల్‌ఎస్ నెక్స్ట్ టీమ్‌లోకి తీసుకున్నారు, కార్తీక్‌కి మాత్రం దానికంటే కిందిదనుకునే ఈసీఎన్‌ఎల్ రీజనల్ లీగ్ టీమ్‌లో చోటిస్తామన్నారు. బన్నీని ఏమో టీమ్ అంతా అండర్-13కి వెళ్తుంటే మళ్ళీ అండర్-12లోనే ఆడమన్నారు, "నేను ఫెయిల్ అయ్యాను" అని వాడు రాత్రంతా ఏడ్చాడట. ఇదంతా ఫోన్‌లో చెప్పేది కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. మీ అన్నయ్య, అంటే మా అబ్బాయి వెనకాల పన్నెండేళ్ళు గ్రౌండ్ల చుట్టూ తిరిగాను, నాలుగేళ్ళు టీమ్ మేనేజర్‌గా ప్లేయర్ కార్డులు మోశాను. ఆ తిరుగుడులో నేర్చుకున్నది మీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్తాను.

ముందు బన్నీ సంగతి, ఎందుకంటే వాడి బాధ ఒక్క తేదీ వల్ల వచ్చింది. నాన్నా, నువ్వు ఫెయిల్ అవలేదు. ఇక్కడ అమెరికాలో దాదాపు పదేళ్ళుగా పుట్టిన సంవత్సరాన్ని బట్టి జట్లు కట్టారు, జనవరి 1 నుంచి డిసెంబర్ 31 దాకా పుట్టినవాళ్ళంతా ఒక గుంపు. నువ్వు 2014 నవంబర్‌లో పుట్టావు. అంటే 2014 జనవరిలో పుట్టినవాడితో పది నెలలు చిన్నవాడిగా ఇన్నాళ్ళూ ఆడావు, నీ టీమ్‌లో సగం మంది స్కూల్లో నీకంటే ఒక క్లాసు పైన ఉన్నారు. ఇప్పుడు యూఎస్ యూత్ సాకర్, యూఎస్ క్లబ్ సాకర్, ఏవైఎస్‌ఓ అనే పిల్లల సాకర్ సంస్థలు మూడూ కలిసి 2026-27 సీజన్ నుంచి ఆగస్టు 1 నుంచి జూలై 31 దాకా ఒక గుంపు అని మార్చాయి, పిల్లలు తమ స్కూల్ క్లాసువాళ్ళతోనే ఆడాలని. ఆ లెక్కన నువ్వు 2014 ఆగస్టు నుంచి 2015 జూలై వరకు పుట్టినవాళ్ళతో ఉంటావు. ఇన్నాళ్ళూ గుంపులో దాదాపు అందరికంటే చిన్నవాడివి, ఇప్పుడు పెద్దవాళ్ళలో ఒకడివి. మీ క్లాసులోవాళ్ళు నీ పక్కన ఆడతారు. పదకొండేళ్ళ వయసులో పది నెలల తేడా చిన్నది కాదురా, ఎత్తులో, పరుగులో, భుజం బలంలో కనిపించిపోతుంది. ఏడాది మొదట్లో పుట్టినవాళ్ళు ఎక్కువగా సెలెక్ట్ కావడం ప్రపంచమంతా చూస్తున్నదే. వాళ్ళు బాగా ఆడటం వల్లే కాదు, ముందు ఎదగడం వల్ల కూడా.

ఇంకో లాభం ఉంది. అండర్-12లో జట్టుకి తొమ్మిది మంది ఆడతారు, అండర్-13 నుంచి పదకొండు మంది. అండర్-8 దాకా నలుగురు నలుగురు, తర్వాత రెండేళ్ళు ఏడుగురు, ఆపైన రెండేళ్ళు తొమ్మిది మంది, అలా మెల్లగా పెంచుతారు. గ్రౌండ్ చిన్నది, మనుషులు తక్కువ, కాబట్టి ఒక్కొక్కరికి బాల్ ఎక్కువసార్లు కాలికి తగులుతుంది. నీకు ఇంకో ఏడాది చిన్న గ్రౌండ్ దొరుకుతోంది. ఆ ఏడాదిలో ఎడమ కాలు సరి చేసుకో. మీ తాతయ్య హైదరాబాద్‌లో రహీమ్ సాబ్ గురించి ఎప్పుడూ చెప్పేవారు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడిపంతులుగా పని చేసి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్ అయ్యారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానానికి వెళ్ళిందీ, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారం గెలిచిందీ ఆయన కోచింగ్‌లోనే. అలవాటు లేని కాలితోనే ఆడాలి అని ఆయన కుర్రాళ్ళకి టోర్నమెంట్లు పెట్టేవారట. ఆ మాట నువ్వు గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇక కార్తీక్. నువ్వు ఆదివారం అడిగావు, "పెదనాన్నా, అసలు నేను ఏ లెవెల్?" అని. ఆ ప్రశ్నకి సూటి జవాబు ఎందుకు లేదో చెప్తాను.

ఈ దేశంలో పిల్లల సాకర్‌ని ఒకే సంస్థ నడపదు. పైన యూఎస్ సాకర్ ఫెడరేషన్ ఉంది, కింద వేరు వేరు సంస్థలు వేరు వేరు లీగులు పెట్టుకున్నాయి. అడుగున రెక్ లీగ్, అక్కడ ట్రయౌట్ ఉండదు, డబ్బు కట్టి చేరితే చాలు, కోచ్ ఎవరో ఒక నాన్నో అమ్మో. 1964లో కాలిఫోర్నియాలో మొదలైన ఏవైఎస్‌ఓ అయితే ప్రతి పిల్లాడూ కనీసం సగం ఆట ఆడాల్సిందే అని రూలే పెట్టింది. ఆపైన ట్రయౌట్ పెట్టి తీసుకునే క్లబ్బులు, జీతం తీసుకునే కోచ్‌లు, ఊరి లీగులు, రాష్ట్రం లీగులు. మగపిల్లల్లో అన్నిటికంటే పైన ఎంఎల్‌ఎస్ నెక్స్ట్, ఈసీఎన్‌ఎల్ అని రెండు పేర్లు వినిపిస్తాయి. 2007లో ఆ ఫెడరేషన్, డెవలప్‌మెంట్ అకాడమీ అని సొంతంగా ఒక లీగ్ పెట్టింది, మీ అన్నయ్య చిన్నప్పుడు అందరి నోటా ఆ పేరే. 2020 ఏప్రిల్‌లో, కోవిడ్ మొదట్లో, దాన్ని మూసేశారు. వెంటనే ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్ అయిన మేజర్ లీగ్ సాకర్ (ఎంఎల్‌ఎస్) ఈ ఎంఎల్‌ఎస్ నెక్స్ట్ మొదలుపెట్టింది. ఈసీఎన్‌ఎల్ ముందు ఆడపిల్లలకి 2009లో వచ్చింది, మగపిల్లలకి 2017లో. 2025 నుంచి ఎంఎల్‌ఎస్ నెక్స్ట్‌లోనే హోమ్‌గ్రోన్ డివిజన్, అకాడమీ డివిజన్ అని రెండు వచ్చాయి. ఈసీఎన్‌ఎల్‌కి కింద రీజనల్ లీగ్ ఉంది. నీకు చోటిస్తామన్నది అక్కడే.

ఇప్పుడు అసలు మాట. ఆ లీగ్‌లో చోటు క్లబ్బుది. మీ టీమ్ బాగా గెలిచిందని పై లీగ్‌కి వెళ్ళదు, ఓడిందని కిందకి రాదు. ఊరి లీగుల్లో గెలిస్తే పైకి, ఓడితే కిందకి అనే పద్ధతి ఉంటుంది కానీ ఈ పెద్ద లీగుల్లో లీగ్‌వాళ్ళు ఏ క్లబ్‌ని చేర్చుకుంటే అదే లోపల ఉంటుంది. అందుకే ఎంఎల్‌ఎస్ నెక్స్ట్‌లో అడుగున ఉన్న టీమ్‌ని ఈసీఎన్‌ఎల్ రీజనల్‌లో పైన ఉన్న టీమ్ ఓడించడం నేను కళ్ళారా చూశాను, ఒకసారి కాదు. నీ ఫ్రెండ్ జెర్సీ మీద ఉన్న బ్యాడ్జ్ వాడి క్లబ్ గురించి చెప్తుంది. వాడి ఆట గురించి వాడు బాల్ అందుకున్నప్పుడే తెలుస్తుంది. వాడు మంచి ఆటగాడు, వాడికి అభినందనలు చెప్పు, మనస్ఫూర్తిగా చెప్పు.

మీ అన్నయ్య సంగతి నీకు పూర్తిగా తెలీదు. వాడికి పదమూడేళ్ళప్పుడు పెద్ద పేరున్న క్లబ్ ఒకటి పిలిస్తే ఆ పేరు చూసి మేము వెళ్ళిపోయాం. ఇరవై మందికి పైగా పిల్లలు ఉన్న టీమ్, వీడు పద్దెనిమిదోవాడో పంతొమ్మిదోవాడో. వారానికి నాలుగు ప్రాక్టీసులు, నలభై నిమిషాల డ్రైవింగ్, వారాంతం హ్యూస్టన్‌కో ఆస్టిన్‌కో వెళ్ళి హోటల్లో పడుకుని, మ్యాచ్‌లో చివరి పది నిమిషాలు. కొన్నిసార్లు అదీ లేదు. కోచ్‌ని అడిగితే "ఓపిక పట్టండి" అన్నాడు, ఎనిమిది నెలలు పట్టాం. ఒకరోజు కారులో వాడు "నాన్నా, నాకు వర్షం పడి ప్రాక్టీస్ క్యాన్సిల్ అయితే బాగుండు అనిపిస్తోంది" అన్నాడు. బాల్ పట్టుకుని నిద్రపోయే పిల్లాడు ఆ మాట అన్నాడురా. తర్వాతి సీజన్‌లో ఒక మెట్టు కింది క్లబ్‌కి మారాం, ప్రతి మ్యాచ్‌లో డెబ్భై నిమిషాలు ఆడాడు, ఆరు నెలల్లో మళ్ళీ నవ్వడం మొదలుపెట్టాడు. ఆ మొదటి ఏడాది నేను తీసుకున్న నిర్ణయం తప్పు, దానికి ఇప్పటికీ బాధపడతాను.

అందుకే శనివారం ట్రయౌట్ అయ్యాక ఏ కోచ్ చోటిస్తామన్నా నువ్వే ఈ మాటలు అడుగు, మీ నాన్నని అడగనివ్వకు: టీమ్‌లో ఎంతమందిని తీసుకుంటున్నారు, నన్ను ఏ పొజిషన్‌లో చూస్తున్నారు, నా పొజిషన్‌లో ఇంకా ఎంతమంది ఉన్నారు, వచ్చే ఏడాది కోచ్ మీరేనా, పై టీమ్‌తో ప్రాక్టీస్ చేసే అవకాశం ఉంటుందా. చాలా క్లబ్బుల్లో రెండో టీమ్‌లో బాగా ఆడేవాణ్ణి సీజన్ మధ్యలోనే మొదటి టీమ్‌తో ప్రాక్టీస్‌కి పిలుస్తారు. సూటిగా జవాబు చెప్పే కోచ్ దగ్గర ఉండు.

హైస్కూల్ సంగతి కూడా ఇప్పుడే ఆలోచించాలి, నువ్వు ఆగస్టులో తొమ్మిదో తరగతికి వెళ్తున్నావు. ఎంఎల్‌ఎస్ నెక్స్ట్ హోమ్‌గ్రోన్ డివిజన్‌లో ఆడే పిల్లలు మామూలుగా స్కూల్ టీమ్‌కి ఆడరు, పది నెలలూ క్లబ్బే. అకాడమీ డివిజన్‌లోనూ ఈసీఎన్‌ఎల్‌లోనూ ఆడుకోవచ్చు. మన టెక్సస్‌లో స్కూల్ సీజన్ శీతాకాలంలో, చలిలో, లైట్ల కింద. స్టాండ్స్‌లో మీ క్లాసువాళ్ళు, బ్యాండ్‌వాళ్ళు, లెక్కల టీచర్, అందరూ ఉంటారు. మీ అన్నయ్యకి ఇప్పటికీ గుర్తున్నవి ఆ మ్యాచ్‌లే. అది వదులుకోవాలా వద్దా అనేది నీ ఇష్టం, కానీ వదులుకుంటున్నానని తెలిసి వదులుకో.

మీ ఇంటి నుంచి పావుగంటలో ఫ్రిస్కోలో ఎఫ్‌సీ డాలస్ అనే ఎంఎల్‌ఎస్ క్లబ్ స్టేడియం ఉంది, వాళ్ళ అకాడమీ కూడా అక్కడే. అమెరికా జట్టుకి ఆడిన వెస్టన్ మెకెన్నీ అక్కడ పెరిగి జర్మనీ వెళ్ళాడు, అదే జట్టుకి ఆడిన రికార్డో పెపీ ఎల్ పాసో నుంచి ఆ అకాడమీకి వచ్చాడు. చాలా ఎంఎల్‌ఎస్ క్లబ్బుల అకాడమీల్లో పిల్లలు ఫీజు కట్టనక్కర్లేదు, సొంత అకాడమీలో పెరిగిన కుర్రాణ్ణి డ్రాఫ్ట్ (కాలేజీ ఆటగాళ్ళని క్లబ్బులు వంతులవారీగా ఎంచుకోవడం) లేకుండా నేరుగా తీసుకునే హోమ్‌గ్రోన్ పద్ధతి 2008 నుంచి ఉంది. ఈ దారి నిజంగా ఉంది, కానీ చాలా ఇరుకు. అయితే ఇదొక్కటే దారి కాదు. క్లింట్ డెంప్సీ మన టెక్సస్‌లోనే నాకొడోచెస్ అనే చిన్న ఊరివాడు, క్లబ్ ప్రాక్టీస్ కోసం డాలస్‌కి గంటల తరబడి కారులో వచ్చేవాడు. ఇంట్లో డబ్బు సరిపోక కొన్నాళ్ళు మానేయాల్సి వచ్చింది, తోటి పిల్లల తల్లిదండ్రులు సాయం చేస్తే తిరిగి వచ్చాడు. ఫర్మన్ యూనివర్సిటీలో చదివి, చివరికి అమెరికా జట్టుకి 57 గోల్స్ కొట్టాడు. మ్యాట్ టర్నర్ హైస్కూల్లో బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆడుతూ గోల్‌కీపింగ్‌లోకి ఆలస్యంగా వచ్చాడు, ఫెయిర్‌ఫీల్డ్ యూనివర్సిటీలో ఆడాడు, 2016 డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ తీసుకోలేదు. 2022 వరల్డ్ కప్‌లో అమెరికా గోల్‌పోస్ట్ దగ్గర నిలబడింది అతనే. పద్నాలుగేళ్ళప్పుడు వీళ్ళిద్దరినీ "ఏ లెవెల్?" అని అడిగితే ఏం చెప్పేవాళ్ళో ఆలోచించు.

కాలేజీ గురించి మీ నాన్నకి కూడా చదివి వినిపించు, వాడు స్కాలర్‌షిప్ అంటున్నాడు. కాలేజీ ఆటల్లో పై మెట్టైన డివిజన్ 1 మగవాళ్ళ సాకర్‌లో ఏళ్ళ తరబడి టీమ్ మొత్తానికి 9.9 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, దాన్ని పాతిక, ముప్ఫై మందికి ముక్కలు చేసి పంచేవారు. 2025లో రూల్స్ మారి, కొత్త పద్ధతికి ఒప్పుకున్న కాలేజీలకి ఆ పరిమితి పోయింది, బదులు టీమ్‌లో 28 మందికి మించకూడదని వచ్చింది, కానీ డబ్బు పెట్టాలా వద్దా అనేది కాలేజీ ఇష్టం. పైగా చాలా టీముల్లో యూరప్ నుంచి, ఆఫ్రికా నుంచి ఇరవై దాటిన కుర్రాళ్ళు వస్తున్నారు. డివిజన్ 1 కోచ్‌లు నీతో నేరుగా మాట్లాడటం పదో తరగతి అయ్యాక జూన్ 15 నుంచే, కాబట్టి ఇప్పటి నుంచే ఆ టెన్షన్ అక్కర్లేదు. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ అసలు ఉండదు, కానీ ఎంఐటీ, యూనివర్సిటీ ఆఫ్ షికాగో లాంటి చోట్ల ఆడేది అందులోనే. షికాగో 2022లో జాతీయ ఛాంపియన్ అయింది. చదువు, ఆట రెండూ కావాలనుకునే మనలాంటి ఇళ్ళకి ఈ దారి గురించి ఎవరూ చెప్పరు, అది నాకు కోపం తెప్పిస్తుంది.

డబ్బు మీరు పట్టించుకోవాల్సిన విషయం కాదు కానీ తెలిసి ఉండాలి. క్లబ్ ఫీజు, యూనిఫామ్, టోర్నమెంట్లు, హోటళ్ళు, పెట్రోలు కలిపితే ఏడాదికి వేల డాలర్లు. దాదాపు అన్ని క్లబ్బుల్లో ఆర్థిక సాయం ఉంటుంది, అడగడానికి మీ నాన్న మొహమాటపడతాడు. అవసరమైతే ఆ ఫారం నేను నింపుతాను.

శనివారం పొద్దున్నే ఎనిమిదికి వస్తాను. కార్తీక్, పేరు తెలియని పిల్లలతో ఆడాల్సి వస్తుంది కాబట్టి గట్టిగా మాట్లాడుతూ ఆడు, బాల్ పోతే వెంటనే వెనక్కి పరిగెత్తు, కోచ్‌లు ముందు చూసేది అదే. బన్నీ, మీ టీమ్‌లో కొత్తగా వచ్చే పిల్లల్లో మీ క్లాసువాళ్ళు ఎవరెవరో కనుక్కుని నాకు చెప్పు. ఇద్దరూ నీళ్ళ బాటిళ్ళు మర్చిపోకండి. ఈ 2026 జూన్‌లో మన పక్కనే ఆర్లింగ్టన్‌లో వరల్డ్ కప్ మ్యాచ్‌లు మొదలవుతాయి, టికెట్లు దొరకకపోతే మా ఇంట్లో పెద్ద టీవీ ఉంది, పెద్దమ్మ పులిహోర చేస్తానంది.

మీ పెదనాన్న