మాల్టా నైట్ల గొడవ: అసలు ముడి 1953 తీర్పులో ఉంది

2022 సెప్టెంబర్ 3న, శనివారం, అప్పటి పోప్ ఫ్రాన్సిస్ ఒక్క డిక్రీతో సావరిన్ ఆర్డర్ ఆఫ్ మాల్టా అనే కాథలిక్ నైట్ల (వీరయోధుల) మతసంఘం పాత రాజ్యాంగాన్ని తీసేసి కొత్తది అమల్లోకి తెచ్చారు. ఆర్డర్‌ను నడిపే సావరిన్ కౌన్సిల్‌ను రద్దు చేశారు. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లను తప్పించి, తాత్కాలిక కౌన్సిల్‌ను తానే వేశారు. ఈ ఆర్డర్‌కు 110కి పైగా దేశాలతో దౌత్య సంబంధాలున్నాయి. సొంత పాస్‌పోర్టులు, స్టాంపులు ఉన్నాయి. 1994 నుంచి ఐక్యరాజ్యసమితిలో పరిశీలక హోదా ఉంది. తనను తాను సార్వభౌమ సంస్థ అని చెప్పుకునే దాని ప్రభుత్వాన్ని బయటి నుంచి ఒక్క సంతకంతో ఎలా మార్చేశారు?

జెరూసలేంలో ఆసుపత్రిగా పుట్టడం, క్రూసేడ్లనే మతయుద్ధాలు, రోడ్స్ దీవిలో మకాం, 1565లో మాల్టా ముట్టడి, ఆర్డర్ కథంతా చాలామందికి తెలిసిందే. ఈ గొడవకు పనికొచ్చేది అందులో ఒక కాగితం. 1113 ఫిబ్రవరి 15న రెండో పాస్కల్ పోప్ ఇచ్చిన శాసనం ఆ ఆసుపత్రి సోదరులను పోప్ రక్షణ కిందికి తీసుకుంది. తమ పెద్దను తామే ఎన్నుకోవచ్చని, అందులో ఇంకెవరూ వేలు పెట్టకూడదని కూడా అదే శాసనం చెప్పింది. అందుకే ఈ గొడవలో పోప్ పక్షమూ, ఆర్డర్ పక్షమూ అదే కాగితం పట్టుకుని వాదించాయి.

ఆర్డర్ పాలనలో ఉన్న మాల్టా దీవిని 1798 జూన్‌లో నెపోలియన్ పట్టుకోవడంతో ఆర్డర్ కాళ్ల కింద నేల పోయింది. తర్వాత దీవి బ్రిటన్ చేతికి వెళ్లింది, తిరిగి ఇస్తామని 1802 నాటి ఆమియాన్ ఒప్పందంలో రాసుకున్నారు కానీ ఇవ్వలేదు. 1834లో ఆర్డర్ రోమ్‌లో స్థిరపడింది. ఇప్పుడు దానికి మిగిలిన గడ్డ అంటే ప్రధానంగా రోమ్‌లో రెండు భవనాలు. ఒకటి కొండొట్టి వీధిలో, రెండోది ఆవెంటీన్ కొండ మీద. కొండ మీది భవనం గేటుకు ఒక తాళం కన్నం ఉంది. దాంట్లోంచి చూడటానికి జనం క్యూ కడతారు. కన్ను ఆనించి చూస్తే రెండు పక్కలా కత్తిరించిన పచ్చటి చెట్ల వరస, ఆ చివర సరిగ్గా మధ్యలో సెయింట్ పీటర్స్ గోపురం. ముందు ఆర్డర్ తోట, మధ్యలో ఇటలీ, చివర వాటికన్. ఆర్డర్ లోపలి నుంచి ఎటు చూసినా ఆ గోపురం కనపడకుండా పోదు.

భూమి లేకపోయినా హోదా పోలేదని ఆర్డర్ లాయర్లు మొదటి నుంచీ చెబుతున్న మాట. 1935లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం ఆ మాటే ఒప్పుకుంది. ఇది అంతర్జాతీయ చట్టం కింద సార్వభౌమ సంస్థ అనీ, ఆస్తి సంపాదించుకోవడానికి ఇటలీ ప్రభుత్వ అనుమతి అక్కర్లేదనీ తేల్చింది. అక్కడితో వ్యవహారం తెమిలిపోయి ఉండాల్సింది.

తెమలలేదు. 1951 నవంబర్ 14న ఆర్డర్ అధిపతి, అంటే గ్రాండ్ మాస్టర్, లుడొవీకో కీజీ చనిపోయారు. నెల తిరక్కుండానే, డిసెంబర్ 10న, పోప్ 12వ పయస్ అయిదుగురు కార్డినల్స్‌తో (పోప్ తర్వాతి పెద్ద మతాధికారులతో) ఒక ట్రిబ్యునల్ వేశారు. ఆర్డర్ సార్వభౌమత్వం ఎంత, మతపరమైన లోబాటు ఎంత అనేది తేల్చడం దాని పని. ఆ అయిదుగురిలో కార్డినల్ నికోలా కనాలి ఒకరు. ఆయన అప్పటికే హోలీ సెపల్కర్ అనే మరో నైట్ల ఆర్డర్‌కు అధిపతి. మాల్టా ఆర్డర్‌ను కూడా తన చేతికింద పెట్టుకోవాలని చూశారన్నది ఆర్డర్ వాళ్ల ఆరోపణ. అలాంటి ఆరోపణ ఉన్న మనిషే తీర్పు చెప్పే పీఠం మీద కూర్చున్నారు. కొత్త గ్రాండ్ మాస్టర్ ఎన్నిక ఆగిపోయింది. ఆ కుర్చీ 1962 మే వరకు ఖాళీగానే ఉంది. తమ పెద్దను తామే ఎన్నుకునే హక్కు 1113 నుంచి ఉన్నవాళ్లకు పదేళ్లకు పైగా పెద్ద లేడు.

తీర్పు 1953 జనవరి 24న వచ్చింది. ఆర్డర్‌కు సార్వభౌమత్వం ఉంది, కానీ అది దాని పనికి అవసరమైనంత మేరకే, పూర్తి సార్వభౌమ రాజ్యాలకుండే అధికారాలన్నీ దానికి లేవు అన్నారు. మతపరంగా అది వాటికన్‌కు లోబడిన సన్యాస సంఘం అన్నారు. ఏది రాజ్య వ్యవహారం, ఏది మఠం వ్యవహారం అని గీత గీయలేదు. ఆ గీత ఎక్కడుందో చెప్పే అవకాశం బలమున్నవాళ్ల చేతిలో ఉండిపోయింది. నా దృష్టిలో ఈ గొడవంతా అక్కడి నుంచి వచ్చిందే.

2016 డిసెంబర్‌లో అదే జరిగింది. ఆర్డర్ సహాయ సంస్థ మయన్మార్‌లో ఎయిడ్స్ నివారణ కార్యక్రమంలో కండోమ్‌లు పంచిందన్న వివాదంలో గ్రాండ్ మాస్టర్ మాథ్యూ ఫెస్టింగ్ తన గ్రాండ్ ఛాన్సలర్ (విదేశాంగ మంత్రి లాంటి పదవి) ఆల్బ్రెక్ట్ ఫాన్ బోజెలాగర్‌ను తీసేశారు. ఆ సంగతి తెలియగానే తాను ఆపించానని బోజెలాగర్ చెప్పారు, పోప్‌కు మొరపెట్టుకున్నారు. పోప్ విచారణ కమిషన్ వేశారు. ఇది మా ఇంటి విషయం, మీ కమిషన్‌కు సహకరించం అని ఫెస్టింగ్ వర్గం గట్టిగానే చెప్పింది. ఒక ప్రభుత్వాధినేత తన మంత్రిని మార్చుకోవడంలో మతం ఎక్కడుంది అన్నది వాళ్ల ప్రశ్న. దానికి సూటి జవాబు రాలేదు. 2017 జనవరి 24న పోప్ ఫెస్టింగ్‌ను పిలిపించి రాజీనామా అడిగారు. తీర్పు వచ్చి సరిగ్గా 64 ఏళ్లు, తేదీతో సహా. మతపరమైన విధేయతా ప్రతిజ్ఞ చేసిన మనిషి కాబట్టి ఆయన కాదనలేకపోయారు. బోజెలాగర్ మళ్లీ పదవిలోకి వచ్చారు.

వాటికన్ వైపు మాట కూడా ఉంది. అప్పటికి 13 వేలకు పైగా సభ్యుల్లో పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత ప్రతిజ్ఞలు చేసినవాళ్లు 40 మంది లోపే. వాళ్లు లేకపోతే అది మతసంఘమే కాదు, కాబట్టి సంస్కరణ తప్పదంటారు. గ్రాండ్ మాస్టర్ కావాలంటే కులీన వంశంలో పుట్టాలన్న షరతును కొత్త రాజ్యాంగం ఎత్తేసింది. ఇది మంచి పనే. జీవితకాల పదవిని పదేళ్లకు కుదించడమూ సబబే. కానీ వీటిని ఆర్డర్ వాళ్లు తమ సభలో తామే ఓటేసి చేసుకుని ఉండాల్సింది.

2022 జూన్‌లో తాత్కాలిక అధిపతి మార్కో లుజాగో చనిపోయినప్పుడు కూడా ఎన్నిక జరగలేదు. పోప్ నేరుగా కెనడా లాయర్ జాన్ డన్‌లప్‌ను నియమించారు. సెప్టెంబర్ 3 డిక్రీ 1953 తీర్పును పేరుపెట్టి మరీ ఉదహరించింది. పదవులు పోయినవాళ్లలో, అంతకు అయిదున్నరేళ్ల కిందట పోప్ జోక్యంతో పదవి తిరిగి దక్కించుకున్న బోజెలాగర్ కూడా ఉన్నారు.

అసాధారణ సర్వసభ్య సభను పోప్ 2023 జనవరి 25కు పిలిచారు. దానికి వెళ్లేవాళ్లు కొత్త రాజ్యాంగం కిందే కూర్చోవాల్సి వచ్చింది. ఆ రాజ్యాంగం కావాలా వద్దా అన్నది మాత్రం అక్కడ ఓటుకు పెట్టలేదు.